శరణార్థికి మానసిక చికిత్స: ఇందులో సంస్కృతి ఎంత, కాగితం ఎంత?

హైదరాబాద్ బాలాపూర్ పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ గొడవంతా ఒక్కచోటే తిరుగుతుంది. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి అక్కడ ఉంటున్న రోహింగ్యా ముస్లింలను ఉండనివ్వాలా, పంపేయాలా? ఆ గొడవలో ఎవరూ పట్టించుకోని ఇంకో ప్రశ్న ఉంది. ఊరు తగలబడటం కళ్లారా చూసి, రెండు సరిహద్దులు దాటి వచ్చి, ఇక్కడ గుడిసెలో తలదాచుకుంటున్న మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, ఉన్నట్టుండి గుండె దడ పుడితే, బతకాలనే లేకపోతే, చికిత్స ఎవరు చేయాలి, ఏ భాషలో చేయాలి, అసలు దాన్ని జబ్బు అనాలా వద్దా?

శరణార్థులతో పనిచేసే సంస్థలు దీనికి వాడే మాట 'సాంస్కృతికంగా సున్నితమైన చికిత్స'. వినడానికి బాగానే ఉంటుంది. విప్పి చూస్తే అందులో కొంత గట్టి సరుకు ఉంది, కొంత ఉత్త మాట కూడా ఉంది. నా లెక్క ముందే చెప్పేస్తాను. మనిషి ఎక్కడినుంచి వచ్చాడో పట్టించుకోని చికిత్స సగం కూడా పనిచేయదు, అది నిజం. కానీ ఆ మనిషి బాధనంతా సంస్కృతి ఖాతాలో రాసేసి, ఇక్కడ చట్టబద్ధంగా ఉండనిచ్చే కాగితం చేతిలో లేకపోవడం వల్ల వచ్చే బాధను చూడనట్టు ఊరుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

ముందు పేర్లు తేల్చుకుందాం

శరణార్థి, ఆశ్రయం కోరేవాడు ఒకటే అనుకుంటాం గానీ చట్టం దృష్టిలో తేడా ఉంది. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఫలానా సామాజిక వర్గానికి చెందడం వల్ల సొంత దేశంలో హింసకు గురవుతాననే సహేతుకమైన భయంతో బయటికొచ్చి, వెనక్కి వెళ్లలేని వ్యక్తి శరణార్థి. ఆశ్రయం కోరేవాడు అంటే 'నాకు ఆ భయం ఉంది, రక్షణ ఇవ్వండి' అని దరఖాస్తు పెట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్నవాడు. ఈ ఎదురుచూపు నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. చికిత్స విషయంలో ఈ తేడా ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

భారతదేశం ఆ 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు, దాన్ని విస్తరించిన 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. అందుకే ఇక్కడ రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది, ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం వాళ్లు అక్రమ వలసదారులే.

రోహింగ్యాల కథ క్లుప్తంగా: మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం వాళ్లలో దాదాపు అందరినీ ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. రఖైన్ రాష్ట్రంలో 2012 అల్లర్ల తర్వాత కొందరు ఊళ్లు వదిలారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం దాడులతో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు పారిపోయారు. అక్కడి కుటుపాలాంగ్ ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి శిబిరంగా మారింది. ఇండియాలో జమ్మూ, ఢిల్లీ, హర్యానాలోని నూహ్, మన హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా ఉన్న చోట్లు.

బాధ అందరిదీ ఒకటే, జబ్బు కూడా ఒకటేనా?

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన జబ్బుల వర్గీకరణ పుస్తకంలో పీటీఎస్డీని, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి జబ్బును, చేర్చింది. ఘోరం చూసినవాళ్లకి అదే మళ్లీ మళ్లీ కళ్లముందు కనబడటం, పీడకలలు, ఉలికిపాటు, జనానికి దూరంగా ఉండటం దాని లక్షణాలు. దాని వెనక ప్రధానంగా ఉన్నది వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల అనుభవం. వాళ్లకు యుద్ధం అయిపోయింది, ఇల్లు చేరుకున్నారు. శరణార్థికి ఆ రెండూ జరగలేదు. పాత భయం పోకముందే కొత్త భయం పక్కన వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ ఆర్థర్ క్లైన్‌మన్ పేరు చెప్పుకోవాలి. మానసిక వైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఈయన 1977లోనే ఒక హెచ్చరిక చేశాడు. ఒక సమాజంలో తయారైన జబ్బు పేరును ఇంకో సమాజానికి మోసుకెళ్లి, వెతికితే ఆ లక్షణాలు దొరికాయి కదా అని ఆ జబ్బే అక్కడా ఉందని తేల్చేయడం తర్కం కాదన్నాడు. అలాగని బాధ అబద్ధమని ఆయన అనలేదు. ఆ బాధకు వాళ్లు ఏ అర్థం చెప్పుకుంటున్నారో తెలియకుండా వైద్యం మొదలుపెట్టొద్దన్నాడంతే.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి ఉదాహరణ కంబోడియా శరణార్థులది. 1970ల్లో కంబోడియాను పాలించిన ఖ్మేర్ రూజ్ మారణకాండ నుంచి బయటపడి అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థిరపడినవాళ్లతో డెవన్ హింటన్ అనే మానసిక వైద్యుడు పనిచేశాడు. వాళ్లు చెప్పే ప్రధాన బాధ పీడకలలు కాదు, 'ఖ్యాల్'. అంటే గాలి లాంటిది. అది ఒంట్లో రక్తంతోపాటు పైకి ఎగదన్ని మెడలోకి, తలలోకి చేరుతుందని, నరాలు చిట్లి ప్రాణం పోతుందని భయం. కూర్చున్నవాడు లేచి నిలబడతాడు, కాస్త కళ్లు తిరుగుతాయి, ఖ్యాల్ వచ్చేసిందనుకుంటాడు, ఆ భయానికి గుండె వేగం పెరుగుతుంది, మెడ బిగుస్తుంది, భయం రెట్టింపవుతుంది. గ్యాస్ తలకెక్కిందనేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు కాబట్టి ఇది మనకు మరీ వింతేమీ కాదు. హింటన్ ఈ చక్రాన్నే పట్టుకున్నాడు. 'గాలి లేదు, గీలి లేదు' అని కొట్టిపారేయలేదు. ఆ భయం ఎలా పెరుగుతుందో వాళ్లతోనే గీయించి, మెడ నెమ్మదిగా తిప్పే వ్యాయామం నేర్పుతూ, గాలికి ఊగే తామరపువ్వును ఊహించుకోమన్నాడు. లోపల వాడినది మామూలు ఆలోచన–ప్రవర్తన చికిత్స (సీబీటీ) పద్ధతే, అంటే బాధ పెంచే ఆలోచనలనూ అలవాట్లనూ గుర్తించి మార్చడం. లోపలికి వెళ్లిన దారి మాత్రం వాళ్లది.

భూటాన్ నుంచి గెంటివేతకు గురై నేపాల్ శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉండి అమెరికా చేరిన నేపాలీ మాట్లాడేవాళ్ల సంగతి ఇంకోలా ఉంది. 2009 ఫిబ్రవరి నుంచి 2012 ఫిబ్రవరి లోపల వాళ్లలో 16 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు నిర్ధారణ కావడంతో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ విచారణ చేసింది. కొత్త భాష రాకపోవడం, వెనక మిగిలిపోయిన కుటుంబం గురించి దిగులు, ఆచారాలు నిలుపుకోలేకపోవడం లాంటివి ఆ కుటుంబాలు ఎక్కువగా చెప్పిన కష్టాలు. ఈ సమాజంలో మనసు బాగాలేదంటే ఎవరూ ఏమీ అనుకోరు. మెదడు దెబ్బతిందంటే మాత్రం పిచ్చి అని ముద్ర, ఇంటి పరువు సమస్య. 'మెంటల్ హెల్త్' అని బోర్డు పెట్టిన గదిలోకి ఎవరూ ఎందుకు రారో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.

ఒక ఊహా ఉదాహరణ: అదే మనిషి, మూడు రకాల పలకరింపు

ముప్పై రెండేళ్ల రోహింగ్యా స్త్రీ ఒక బస్తీ దవాఖానాకు వచ్చిందనుకుందాం. ఒళ్లంతా మంట, తల బరువు, ఆకలి లేదు, నిద్ర లేదు. ఓపీలో రద్దీగా ఉంది. డాక్టర్ నొప్పి మాత్ర, బలం మాత్ర రాసి పంపిస్తారు. వారం తర్వాత ఆమె మళ్లీ అవే బాధలతో వస్తుంది. చాలా కథలు ఇక్కడే ఆగిపోతాయి.

రెండో పద్ధతిలో ఎవరో కౌన్సెలర్ డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం తీస్తారు. మొదటి ప్రశ్న, పనులు చేయడంలో ఆసక్తి, ఆనందం తగ్గాయా అని. ఆమె బయటికి వెళ్లడమే తక్కువ, ఇంట్లో పని ఆసక్తితో చేసేది కాదు, తప్పక చేసేది. ఏం చెప్పాలో తెలియక 'లేదు' అంటుంది. చివరి ప్రశ్న చనిపోతే బాగుండు, తనను తాను గాయపరచుకోవాలి అనే ఆలోచనల గురించి. ఆత్మహత్య మతంలో పాపం, పైగా పక్కన అత్తగారు ఉన్నారు. దానికీ 'లేదు'. మార్కులు తక్కువొచ్చాయి, డిప్రెషన్ లేదని తేలిపోయింది! నిజానికి ఫారం తప్పు కాదు, అడిగిన తీరు తప్పు. శరణార్థులతో అనుభవమున్నవాళ్లు ఇదే సంగతిని వేరేగా అడుగుతారు: 'రాత్రి పడుకున్నాక తెల్లారకపోతే బాగుండు, దేవుడే తీసుకుపోతే బాగుండు అనిపిస్తుందా?' దీనికి అవుననడంలో పాపం లేదు. అవునన్నాక తర్వాతి ప్రశ్నలు ఒక్కొక్కటే, అత్తగారు లేని చోట.

మూడో పద్ధతి ఫారంతో మొదలవదు. పైన చెప్పిన అమెరికా జబ్బుల వర్గీకరణ పుస్తకం 2013 కూర్పులో సాంస్కృతిక ఇంటర్వ్యూ అని 16 ప్రశ్నలు పెట్టారు. ఈ బాధను మీరు ఏమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? మీ ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారు? ఇప్పటిదాకా ఏం చేసి చూశారు? అన్నిటికంటే ఎక్కువ కష్టంగా ఉన్నదేంటి? ఇలా సాగుతుంది. మన ఊహా స్త్రీ ఏం చెప్పొచ్చు? మనశ్శాంతి లేదు, చింత పట్టుకుంది అంటుంది (ఈ రెండు మాటలూ దాదాపు ఇలాగే వాళ్ల భాషలోనూ ఉన్నాయి). జిన్ సోకిందని అత్తగారు అన్నారని, మౌల్వీ దగ్గర తావీజు కట్టించుకున్నానని చెబుతుంది. కాక్స్ బజార్ శిబిరంలో ఉన్న తల్లి ఫోన్ కొన్నాళ్లుగా కలవడం లేదంటుంది. నిద్ర పోయింది ఎప్పటినుంచి అంటే, పోలీసులు వచ్చి వివరాలు రాసుకెళ్లిన రోజు నుంచి.

ఇప్పుడు కౌన్సెలర్ చేతిలో పని చేయదగిన సరుకు ఉంది. తల్లి ఆచూకీ కనుక్కునే ప్రయత్నం చేయొచ్చు. తావీజు తీసేయమనక్కర్లేదు. కార్డు గడువు సంగతి వకీలుతో మాట్లాడించొచ్చు. నిద్రకు, దడకు శ్వాస వ్యాయామం నేర్పొచ్చు. అవసరమైతే మందూ ఇవ్వొచ్చు.

మధ్యలో కూర్చున్న మనిషి

ఇదంతా ఏ భాషలో? రోహింగ్యా భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు భాషకు దగ్గర. లిపి కూడా ఉంది, 1980ల్లో తయారైన హనీఫీ లిపి 2018లో కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి ముద్రించిన కరపత్రం పెద్దగా పనికిరాదు. కాక్స్ బజార్‌లో చిట్టగాంగ్ వాళ్లనే దుబాసీలుగా పెట్టుకున్నారు. మామూలు మాటలకు అది సరిపోతుంది. ఆడవాళ్ల ఆరోగ్యం, అత్యాచారం, మానసిక బాధ లాంటి విషయాల దగ్గరికి వచ్చేసరికి అర్థాలు జారిపోతాయి.

మయన్మార్ నుంచి వచ్చినవాళ్లు కదా, బర్మీస్ వచ్చినవాణ్ని తెస్తే సరి అనుకునే అమాయకులూ ఉంటారు. చాలామంది రోహింగ్యాలకు బర్మీస్ రాదు. వచ్చినవాళ్లకు అది తమ ఊరు కాల్చిన సైనికులు మాట్లాడిన భాష.

పోనీ వాళ్లలోంచే ఒకరిని పెడదామా? భాష సమస్య తీరుతుంది, గుట్టు సమస్య మొదలవుతుంది. నాలుగు వరసల గుడిసెల్లో అందరికీ అందరూ తెలుసు. గదిలో చెప్పిన మాట సాయంత్రానికి బోరింగు దగ్గర చర్చకు వస్తుందనే భయం ఉన్నప్పుడు ఎవరు నోరు విప్పుతారు? ఇక స్కూలుకెళ్లి ఉర్దూనో తెలుగో హిందీయో నేర్చుకున్న పిల్లల చేత తల్లి మాటలు చెప్పించడం. అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే దారుణం. పదేళ్ల పిల్లాడి ముందు ఏ తల్లీ అసలు సంగతి చెప్పదు, చెప్పిందా ఆ మాటలు ఆ పిల్లాడు మోయాలి.

కొన్ని దేశాల్లో దీనికి ఫోన్ దుబాసీలను వాడుతున్నారు. వేరే ఊరి మనిషి, ముఖం కనబడదు, పేరు తెలియదు. దుబాసీకి శిక్షణ కూడా కావాలి. ఆమె ఐదు నిమిషాలు ఏడుస్తూ చెబితే 'నిద్ర పట్టట్లేదట' అని ఒక్క ముక్కలో తేల్చేసే దుబాసీతో ఏ చికిత్సా సాగదు. దుబాసీ కూడా చాలాసార్లు అలాంటి గతం నుంచి వచ్చినవాడే కాబట్టి, ఆ ఒక్క ముక్క అతను తనను తాను కాపాడుకునే పద్ధతి కావచ్చు.

జరిగిందంతా చెప్పించాలా, వద్దా?

ఇక్కడ నిపుణుల మధ్యే గట్టి వాదన ఉంది.

ఒక పక్షం కథన చికిత్సను చూపిస్తుంది. నేలమీద ఒక తాడు పరుస్తారు, అది మీ జీవితం. మంచి రోజుల దగ్గర పువ్వు పెట్టమంటారు, చెడ్డ రోజుల దగ్గర రాయి. తర్వాత ఒక్కో రాయి దగ్గరా ఆగి, అప్పుడు ఏం జరిగింది, ఏం వినబడింది, ఒంట్లో ఏమనిపించింది, ఇప్పుడు చెబుతుంటే ఏమనిపిస్తోంది అని వరసగా మాట్లాడతారు. ముక్కలు ముక్కలుగా ఉన్న జ్ఞాపకం ఒక కథగా కుదురుకుని, అది గతమని మెదడుకు తెలుస్తుందని వీళ్ల వాదన. ఉగాండాలోని నకివాలే శిబిరంలో రువాండా, సోమాలియా శరణార్థులకు డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులే దీన్ని చేసి మంచి ఫలితం చూపించారని 2008లో వచ్చిన అధ్యయనం చెబుతుంది.

రెండో పక్షం నుంచి డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1999లో గట్టిగా ఎదురు తిరిగాడు. యుద్ధం చూసిన ప్రతివాడూ రోగి కాదని, నోరు విప్పితేనే బాధ తగ్గుతుందనేది పాశ్చాత్య నమ్మకమని, ఆ జనం అడిగేది చాలాసార్లు కౌన్సెలింగ్ కాదు, న్యాయం, ఇల్లు, పని అని అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనా ప్రకారం ఘర్షణలు నడిచే ప్రాంతాల్లో ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. చాలా పెద్ద లెక్కే. అదే అంకె తిప్పి చదివితే నలుగురికి లేదని కూడా అర్థం.

ఆశ్రయం కోరేవాళ్ల విషయంలో దీనికి ఇంకో ముడి పడుతుంది. వాళ్లు తమ కథను అధికారి ముందు చెప్పాలి, మళ్లీ చెప్పాలి, రెండుసార్లూ ఒకేలా ఉండాలి. తేడా వస్తే అబద్ధమంటారు. బ్రిటన్‌లో కొసోవో, బోస్నియా శరణార్థులను విడివిడిగా రెండుసార్లు అడిగి చూసిన 2002 నాటి అధ్యయనంలో, అబద్ధమాడాల్సిన అవసరమే లేని ఆ మనుషుల కథల్లోనూ తేడాలు కనబడ్డాయి. జ్ఞాపకం పనితీరే అంత. కానీ అలాంటి మనిషి చికిత్స గదిలోకి వచ్చినప్పుడు, అతని ఎదురుగా ఉన్న ప్రశ్న ఇది: తన మాట వింటున్నది డాక్టరా, ఇంకో అధికారా? రాసుకుంటున్న నోట్సు ఎవరికి వెళుతుంది? ఈ సందేహం తీర్చకుండా తాడూ రాళ్లూ తీయడం తొందరపాటే అవుతుంది. నేనైతే ఏ పక్షమూ పూర్తిగా తీసుకోను. చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషే తేల్చుకోవాలి, 'ఇవాళ వద్దు' అంటే అదీ జవాబే.

కాగితం చేసే గాయం

సిడ్నీలో స్థిరపడిన మాండియన్ శరణార్థులపై 2006లో ఒక అధ్యయనం వచ్చింది. ఇరాక్, ఇరాన్ ప్రాంతాల చిన్న మత సమాజం వీళ్లది. సంస్కృతి ఒకటే, పడిన కష్టాలూ దగ్గరదగ్గరే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల మానసిక స్థితి, శాశ్వత రక్షణ దొరికినవాళ్ల కంటే బాగా దిగజారి కనబడింది. ఎక్కువకాలం నిర్బంధంలో ఉన్నవాళ్లదీ అంతే. అంటే బాధకు మూలం అంతా వెనక వదిలొచ్చిన దేశంలోనే లేదు, కొంత ఇప్పుడున్న దేశంలో తయారవుతోంది.

కాక్స్ బజార్‌లో 2023లో నిధుల కొరతతో తిండి కోసం ఇచ్చే సాయాన్ని మనిషికి నెలకు 12 డాలర్ల నుంచి ముందు 10కి, జూన్‌లో 8కి తగ్గించారు. ఆ నెలలో ఒక తల్లికి నిద్ర పట్టలేదంటే దాన్ని 2017 నాటి జ్ఞాపకమనాలా, రేపటి బియ్యం అనాలా? ఇండియాలో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను నిర్ణీత పద్ధతి ప్రకారం వెనక్కి పంపొచ్చని అనుమతిచ్చాక, అలాంటి మనిషి భయాన్ని 'అతిగా ఆలోచించడం' అని సరిదిద్దబోయే కౌన్సెలర్ ఎలా ఉంటాడో ఊహించుకోండి.

దీన్ని లెక్కలోకి తీసుకున్న పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు డెరిక్ సిలోవ్, శరణార్థి జీవితంలో ఐదు స్తంభాలు కూలతాయన్నాడు: భద్రత, బంధాలు, న్యాయం, సమాజంలో తన పాత్ర, బతుక్కి ఒక అర్థం. దీని ఆధారంగా కట్టిన ఆరు వారాల చికిత్సను మలేషియాలో ఉన్న రోహింగ్యా, మయన్మార్‌కే చెందిన చిన్, కచిన్ తెగల శరణార్థుల మీద ఆలోచన–ప్రవర్తన చికిత్సతో పోల్చి చూశారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఐదు స్తంభాల గుంపు కాస్త ఎక్కువ. ఆ 'కాస్త' అన్నది దాచకుండా చెప్పుకోవాలి.

సంస్కృతి పేరుతో జరిగే పొరపాట్లు

'వాళ్లు కౌన్సెలింగ్‌కు రారండీ, వాళ్ల కల్చర్ అంతే.' ఈ మాట చాలాచోట్ల వినబడుతుంది. రఖైన్‌లో ఊరు దాటడానికే అనుమతి కావాల్సిన జనం, మామూలు ఆసుపత్రి ముఖమే సరిగా చూడనివాళ్లు, మానసిక వైద్యం ఎక్కడ చూసి ఉంటారు? చూడనిదాన్ని వద్దనుకున్నారని ఎలా చెబుతాం?

ఇంకోటి, వాళ్ల సంస్కృతి ఏంటో మనకు చెప్పేదెవరు? సాధారణంగా శిబిరం పెద్ద, మౌల్వీ, నలుగురు మగవాళ్లు. భర్త కొడుతున్నాడని చెప్పాలనుకున్న భార్య ఆ సమావేశంలో ఉండదు. 2017లో సైనికులు పెద్దఎత్తున సామూహిక అత్యాచారాలు చేశారని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం మరుసటి ఏడాది నివేదించింది. ఆ స్త్రీలలో చాలామందికి పరువు గురించి పెద్దలు చెప్పే సంస్కృతే నోరు నొక్కింది. అలాంటిచోట ఆ సంస్కృతిని గౌరవించడమంటే ఎవరి మాటను గౌరవించడం? ఆడవాళ్లకు ఆడవాళ్లే, ఇంటింటికీ వెళ్లి, కుట్టుపని లాంటి వంకతో కూర్చుని మాట్లాడే పద్ధతి ఇందుకే వచ్చింది.

తరాల తేడా కూడా ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడికి తన ఊరు జ్ఞాపకమే ఉండకపోవచ్చు. వాడి టెన్షన్ పదో తరగతి తర్వాత ఏంటన్నది. వాణ్ని కూర్చోబెట్టి జిన్‌ల గురించి అడిగితే నవ్విపోతాడు.

మన చట్టంలో ఏముంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 18 ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కు 'ప్రతి వ్యక్తికీ' ఉందంటుంది. ప్రతి పౌరుడికీ అనలేదు. కాగితం మీద దారి తెరిచే ఉంది. కానీ ఓపీ చీటీ దగ్గర ఆధార్ అడిగితే అక్కడే ఆగిపోతారు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్, 14416 నంబరు, తెలుగుతో కలిపి 20 భాషల్లో పలుకుతుంది. రోహింగ్యా అందులో లేదు.

నిపుణులు ఎప్పటికీ సరిపోరు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు విడతల్లో పూర్తయ్యే పద్ధతులు తయారుచేసింది. డాక్టర్ కాని మనిషికి శిక్షణ ఇచ్చి చేయించొచ్చు. అందులో గుంపుగా కూర్చుని ఆడియో వింటూ నేర్చుకునే రకాన్ని ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి స్త్రీలతో పరీక్షిస్తే బాధ తగ్గిందని 2020లో తేలింది. విమర్శకులు అడిగేది ఒకటే: పేర్లు, బొమ్మలు మార్చి అదే పాఠం అన్ని దేశాలకూ పంచితే అది సంస్కృతికి తగ్గట్టు మార్చడమా, అనువాదమా? సమర్థకుల జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. ఏమీ లేనిచోట ఐదు విడతలైనా ఉన్నాయి కదా అంటారు.

ఆ ఐదు విడతలకూ డబ్బు కావాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు కాక్స్ బజార్‌లో ఆరోగ్య సేవలు దెబ్బతిన్నాయి. శిబిరంలో ఒక కార్యకర్తకు మనసు విప్పడానికి ఏడాది పట్టిన స్త్రీ, ఆ కార్యకర్త ఉద్యోగం పోతే, తర్వాత వచ్చే కొత్త మనిషి దగ్గర మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి, అసలు ఎవరైనా వస్తే.